మామ వేసిన సీలు

మా చిన్నమామ పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను ఒక పెళ్లి పత్రికలో పెళ్లికొడుకు తాత పేరు దిద్దుతున్నాను. "పాపా, మీ మామ లేడు" అంది. ఆళ్లగడ్డలో తన మోటార్ వైండింగ్ షాపులో, స్టూలు మీద కూర్చుని రాగి తీగ చుడుతూ చుడుతూ పక్కకు ఒరిగాడట. గుండె ఆగింది. జీవితమంతా కరెంటుతో కాపురం చేసిన మనిషిని కరెంటు మాత్రం ఏమీ చేయలేదు. నేను కంప్యూటర్ ఆపి, కుండలోని పంపు ప్లగ్గు పీకి, అమ్మను తీసుకుని నంద్యాల బస్టాండుకు పరుగెత్తాను.

ఆ ప్లగ్గును కాస్త గుర్తుంచుకోండి. మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

ఆయన మా అమ్మకు తమ్ముడు. దొర్నిపాడు దాకా ఏ చేలో మోటారు కాలినా ట్రాక్టర్ ఎక్కి ఆయన షాపుకే వచ్చేది. ఆయనకో అలవాటుండేది. దేన్నైనా చేతి వెనకవైపుతోనే తాకేవాడు. మోటారునీ, ఇస్త్రీపెట్టెనీ, అన్నం గిన్నెనీ, చిన్నప్పుడు జ్వరమొస్తే నా నుదుటినీ కూడా. అరచేత్తో తాకితే, షాక్ కొట్టినప్పుడు చెయ్యి బిగుసుకుని ఆ వస్తువునే పట్టుకుంటుంది. వెనకవైపు తాకితే విడిపోతుంది. "కరెంటుకు చుట్టరికం తెలీదు పాపా" అనేవాడు. ఇంకో మాట కూడా అనేవాడు: "ఎవురు చెప్పినా నమ్మొద్దు. చెయ్యి పెట్టి చూడు. చెయ్యి అబద్ధం చెప్పదు." ఆ రెండో మాట తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ ఒళ్లు మండుతుంది.

నేను నంద్యాలలో మా ఇంట్లోనే డీటీపీ చేస్తాను. పెళ్లి పత్రికలు, బడుల ప్రశ్నపత్రాలు, ఎన్నికలొస్తే కరపత్రాలు. నా గదిది ఎండ పడే పడమటి గోడ. ఎండాకాలం మధ్యాహ్నమైతే కంప్యూటర్ దానంతటది ఆరిపోయేది. సగం కొట్టిన పత్రిక గాల్లో కలిసిపోయేది. పెళ్లివాళ్లు గుమ్మంలో నిలబడి ఉంటే నేను మూత తీసి విసనకర్రతో విసిరిన రోజులున్నాయి. కంప్యూటర్ అమ్మిన షాపతను ఒక ఫ్యాను తగిలించాడు. అది గదిలో ఉన్న వేడిగాలినే మళ్లీ లోపలికి తోసింది.

ఒక పత్రికలో చదివాను, కంప్యూటర్‌ను నీళ్లతో చల్లబరిచేవాళ్లున్నారని. బొమ్మ గీసుకుని ఆళ్లగడ్డ పోయాను. ఇంకెవరికి చూపించినా నవ్వేవాళ్లు. మామ నవ్వలేదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది మన మోటార్ కథే గదా పాపా. ఆడ మోటారే పోయి నీళ్లల్లో కూచుంటాది. ఈడ నీళ్లే దాని కాడికి పోతాండాయి" అన్నాడు. కంప్యూటర్‌లో వేడెక్కే ప్రాసెసర్ మీద కూర్చునేలా అగ్గిపెట్టెంత రాగి డబ్బా చేశాడు. లోపల నీళ్లు మెలికలు తిరిగేలా అడ్డాలు పెట్టి, రెండు మూతులు అతికాడు. బండలు పరిచేవాళ్లు మట్టం చూసుకునే పారదర్శకమైన పైపు, ఎయిర్ కూలర్లో ఉండే పంపు, ఒక స్టీలు బకెట్. అంతే మా సరంజామా.

పొద్దున పూట బ్రహ్మాండంగా నడిచింది. మధ్యాహ్నానికి బకెట్లో నీళ్లు కాగాయి. మా అమ్మ వేలు ముంచి చూసి, "నీ కంప్యూటర్ ఏమోగానీ, నాకు పొయ్యి ఖర్చు తప్పింది" అంది.

కుండ ఆలోచన నాది. ఇది మాత్రం ఎవరూ నా దగ్గర్నించి లాక్కోలేరు. ఎండాకాలం మనం స్టీలు బకెట్లో నీళ్లు తాగుతామా? మరి దానికెందుకు బకెట్? నల్లకుండ తెచ్చి, చుట్టూ తడి గోనెపట్ట చుట్టి, టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పాను. బోరు నీళ్లలో సున్నం ఎక్కువని బ్యాటరీ నీళ్లు తెచ్చి పోశాను. ఆ తొందరలో కొత్త కుండను నానబెట్టాలన్న సంగతి ఇద్దరమూ మరిచాం. వారం తిరక్కుండానే కుండలోని ఉప్పంతా రాగి డబ్బా మూతుల్లో తెల్లగా పేరుకుంది. "కుండ నానబెట్టకుండా వాడిన మొగం మనదే పాపా" అని తలకొట్టుకున్నాడు మామ. కుండను నానబెట్టి, నీళ్లు మార్చి మార్చి పారబోసి మళ్లీ బిగించాం. అప్పుడు నడిచింది. నడివేసవి మధ్యాహ్నం, రోడ్డు మీద కుక్క కూడా లేని వేళ, నా కంప్యూటర్ హాయిగా పని చేసింది. అంత సంతోషం నాకు పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు.

అది ఎన్నాళ్లో నిలవలేదు. మామ మా ఇంట్లో ఉన్న రోజే రాగి డబ్బా అతుకు వదిలింది. కంప్యూటర్ కేబినెట్ కింద నీళ్లు కనబడితే నేను ఆలోచించకుండా అరచేత్తో దాన్ని పట్టుకున్నాను. చెయ్యి రాలేదు. మామ ప్లగ్గు పీకితే వెనక్కి పడ్డాను. "ఏం కాలేదు మామా" అన్నాను నవ్వుతూ. మర్నాడు పెరట్లో గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి, కడ్డీ దిగ్గొట్టి ఎర్తింగ్ చేశాడు. అంతకుముందు మా ఇంటికి అది లేదు. ఆ పని నిజమైన పని. దానికి ఇవాళ్టికీ దణ్ణం పెడతాను. తర్వాత రాగి డబ్బా విప్పుకుని, "దీన్ని బాగా చేసి తెస్తా" అని వెళ్లిపోయాడు.

తిరిగి వచ్చినప్పుడు రాగి డబ్బా చేతికివ్వలేదు. "పాపా, టీ పెట్టకరాపో" అని నన్ను వంటింట్లోకి తోలాడు. టీ తెచ్చేసరికి కేబినెట్ లోపల ఒక రేకు పెట్టె బిగించి ఉంది. రెండు పైపులు అందులోకి పోతున్నాయి, వస్తున్నాయి. చుట్టూ నల్లటి సీలు. "రాగి డబ్బా లోపలుండాది. ఈ పెట్టె నీళ్లకు, కరెంటుకు మధ్య గోడ. సీలు ఎవురూ తీయొద్దు. నేనే వచ్చి తీస్తా" అన్నాడు. పక్కన ఒక పెద్ద ఫ్యాను కూడా పెట్టాడు, గాలి ఆడాలని. సాయంత్రం దాకా నడిపాం. "చెయ్యి పెట్టి చూడు" అన్నాడు. బయటికొచ్చే పైపు మీద చేతి వెనకవైపు ఆనించాను. గోరువెచ్చగా ఉంది. వేడి నీళ్లలోకి దిగుతోందని మురిసిపోయాను.

ఆ తర్వాత ఏ ఎండాకాలమూ నా కంప్యూటర్ ఆరిపోలేదు. నేను ఏళ్ల తరబడి బ్యాటరీ నీళ్లు మోశాను. పూటపూటా గోనెపట్ట తడిపాను. పంపు ఆగితే ప్రాసెసర్ మాడుతుందని, కరెంటు పోతే, యూపీఎస్ మీద నడిచే కంప్యూటర్‌ను ఆపడానికే ముందు ఉరికాను. చూడటానికి జనం వచ్చేవాళ్లు. మామ కూడా ఆళ్లగడ్డ నుంచి మనుషుల్ని వెంటబెట్టుకొచ్చేవాడు. ఒకసారి విగ్రహాలు చెక్కే ఆయన్ను తెచ్చి, "మా పాప డిజైను" అని కుండ చూపించాడు. నా ముందే చూపించాడు, నా కళ్లలోకి చూస్తూ.

ఏటా ఉగాది దాటగానే కొత్త కుండ తెచ్చేవాడు. బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడట. కండక్టర్ "ఏందప్పా, కుండకు గూడా టికెట్ కొట్టాల్నా?" అంటే, "కొట్టు. ఐతే దానికి సీటియ్యి" అన్నాడట. వచ్చి దాన్ని నానబెట్టి, పైపులు కడిగి, పంపు విప్పి వాసన చూసి బిగించేవాడు. ఒక్క పనీ తప్పించేవాడు కాదు.

కంప్యూటర్ షాపతనికి మాత్రం నమ్మకం కుదరలేదు. ఒకరోజు మామ ఉండగానే వచ్చి, "అక్కా, ఆ పెద్ద ఫ్యానే పని చేస్తాండాదేమో. ఒకసారి సీలు తీస్తే తెలిసిపోతాది గదా" అన్నాడు. నాకు కోపం నషాళానికెక్కింది. "మా మామ వేసిన సీలు నేను తీయను. నమ్మితే నమ్ము, లేకపోతే పో" అన్నాను. అతను పోయాడు. నేనూ మళ్లీ అతని షాపు మెట్లెక్కలేదు. మామ అదంతా వింటూ టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

దినాలు ముగిశాక ఆళ్లగడ్డ నుంచి తిరిగొచ్చాను. పెళ్లి పత్రిక అట్లాగే ఉంది. మధ్యాహ్నం ఎండవేళ కూర్చుని పని చేశాను. మనసంతా మామే. సాయంత్రం గోనెపట్ట తడుపుదామని లేస్తే, పంపు ప్లగ్గు బండ మీద పడి ఉంది. నేను పీకిన చోటే. కుండ ఎండిపోయి ఉంది. కంప్యూటర్ మాత్రం నడుస్తోంది.

కంప్యూటర్ ఆపి స్క్రూడ్రైవర్ తెచ్చాను. సీలు గీకి రేకు తీశాను. లోపల రాగి డబ్బా లేదు. పైపు లోపలికొచ్చి, ఒక వంపు తిరిగి, వచ్చిన దారినే బయటికి పోయింది. ప్రాసెసర్ మీద ఒక పెద్ద అల్యూమినియం దిమ్మ, దాని మీద ఫ్యాను, పెట్టె వెనకవైపు గాలికి చిల్లులు. ఇన్నేళ్లూ నా కుండలో నీళ్లు దేన్నీ తాకకుండా గుడి చుట్టూ తిరిగినట్టు తిరిగి వచ్చాయి. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది, అది ఆయన పోయినందుకు వచ్చిన ఏడుపు కాదు.

వెంటనే ఆళ్లగడ్డ పోయాను. అత్త వాకిట్లో కూర్చుని ఉంది. "పెట్టెలో ఏమీ లేదత్తా" అన్నాను.

"తెలుసు పాపా."

"ఇంకెవరికి తెలుసు?"

"షాపులో చేసేటోళ్లకు తెలుసు. మీ అమ్మకు తెలుసు."

"నాకు తప్ప."

అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. "నీకు షాక్ కొట్టిన దినం ఇంటికొచ్చి కూడు ముట్టలే. తడి చేత్తో స్టార్టర్ ముట్టుకుని పోయినోళ్లను యెంతమందిని చూసినాడో ఆయన. చెప్తే నువ్వు ఇంటావా? మళ్లా నీళ్లు కలుపుతావని భయం."

"వద్దని చెప్పచ్చు కదా. పోట్లాడేదాన్ని. పోట్లాడి ఒప్పుకునేదాన్నేమో. ఇట్లా ఆడించడం ఎందుకు?"

ఆమె లేచి షాపులోకి తీసుకెళ్లింది. గోడకు ఒక కొళాయి, దానికి రెండు పైపులు, మధ్యలో నా రాగి డబ్బా. అతుకులు కొత్తగా, నున్నగా ఉన్నాయి. "ఆ యండాకాలమంతా ఈడ నీళ్లు పారించి చూసినాడు. చుక్క కారలే పాపా. అయినా మనసొప్పలే. రేపు కారితే, అనేటోడు" అంది అత్త.

అది విన్నాక నా కోపం తగ్గలేదు, పెరిగింది. పని చేయదని దాచి ఉంటే సరే. పని చేస్తుందని తెలిసీ దాచాడు. ఎర్తింగ్ కూడా వేశాక, చుక్క కూడా కారదని తేలాక, ఇంకా నన్నే నమ్మలేదు. భయం ఆయనది, మోసం నాకు. నా మీద ప్రేమ ఉందంటారా? ఉంది, నాకూ తెలుసు. ఒళ్లో కుండ పెట్టుకుని బస్సులో వచ్చినవాడికి ప్రేమ లేదని ఎవరంటారు. అయితే ఆ కుండ కూడా అబద్ధాన్ని నిలబెట్టడానికే కదా మోశాడు.

రాగి డబ్బా విప్పుకుని నంద్యాల వచ్చాను. అమ్మను అడిగితే, చేటలో బియ్యం ఏరుతూ "నీ మంచికేలే" అంది. మంచి అనే మాట వినగానే ఒళ్లు మండింది. కంప్యూటర్ షాపుకు వెళ్లి, "తమ్ముడూ, నువ్వన్నదే నిజం" అన్నాను. అతను ఎగతాళి చేయలేదు. "పెద్దాయన పోయినాడంట గదక్కా" అని, టూల్స్ సంచి తీసుకుని నా వెంట వచ్చాడు.

దిమ్మ తీసి రాగి డబ్బా బిగించాం. ఈ ఉగాదికి మామ తెచ్చిన కుండలోనే నీళ్లు పోశాం. ఆయన తెచ్చిన ఆఖరు కుండ అది. పంపు పెట్టి, కంప్యూటర్ వేసి, మధ్యాహ్నమంతా చూశాం. బయటికొచ్చే పైపు మీద చేతి వెనకవైపు ఆనించాను. అప్పటి గోరువెచ్చన కాదు ఇది. అప్పుడు తగిలింది నా గది వేడి. ఇది లోపల పని చేస్తున్న దాని వేడి. ఆ తేడా తెలియడానికి ఆయన పోవాల్సి వచ్చింది.

ఇప్పుడు రోజూ పని మొదలుపెట్టే ముందు మోకాళ్ల మీద వంగి, కేబినెట్ కింద నేలకు పరిచిన బేతంచెర్ల బండ మీద చేతి వెనకవైపు ఆనించి చూస్తాను. పొడిగా ఉంటుంది. "చుక్క కారలేదు మామా" అంటాను, గట్టిగానే. పక్కన కుండ చెమటలు పడుతూ ఉంటుంది.