సిలువను మించిన కడ్డీ

ఇంటి మీద టీవీ యాంటెన్నా కడ్డీ ఎంత ఎత్తుండాలో బైబిల్లో ఎక్కడ రాసి ఉందో నాకు ఇంతవరకు ఎవరూ చూపించలేదు. నలభై ఏళ్లు దాటింది. అడిగిన ప్రతివాడూ నీళ్లు నమిలాడు. నేను బడిలో చదివినవాణ్ణి కాదు. వరంగల్లులో మిల్లు పనికి పోతూ వస్తూ దుకాణాల బోర్డులు, మిర్చీలు కట్టిచ్చిన కాగితాలు కూడబలుక్కొని, చివరికి బైబిలు మొత్తం చదివాను. చదివాను కాబట్టే అడుగుతున్నాను.

ఎనభైల మొదట్లో మా అమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. నేనామెను అవ్వా అని పిలిచేవాణ్ణి. చర్చి మా ఇంటికి నాలుగిళ్ల అవతలే, అయినా ఇక ఆ గడప తొక్కలేకపోయింది. ఆమెకు మిగిలింది గురువారం ప్రార్థన ఒక్కటే. మా సంఘంలో గురువారం గురువారం ఒక్కో ఇంట్లో కూడి పాటలు పాడి, ప్రార్థన చేసేవారు. అమ్మ కదల్లేదని ఆ కూడిక మా ఇంటికే ఖాయం చేశారు. ఆ రోజు ఆమె పొద్దున్నుంచే తల దువ్వించుకొని, తెల్లచీర కట్టించుకొని, వచ్చేవాళ్లకు పెట్టే శనగ గుడాలు ఉడికాయా లేదా అని నా భార్యను చంపుకుతినేది. మిగతా ఆరు రోజులు గోడ వైపు తిరిగి పడుకునేది. అది చూడలేకే టీవీ కొన్నాను. షోకుకు కాదు.

హన్మకొండ చౌరస్తాలో దుకాణంవాడు నా మిల్లు బట్టలు చూసి, "చిన్నది సాలదా కాకా?" అన్నాడు.

"మా అవ్వకు సూపు తక్కువ. నీ దగ్గరున్న దాంట్ల అన్నిటికంటె పెద్దది తియ్యి."

నాలుగు కాళ్ల చెక్కపెట్టె, ముందు జరిపే తలుపులు, వాటికి తాళం. రిక్షాలో ఎక్కించి, వెనక నుంచి రెండు చేతులతో పట్టుకొని ఇంటిదాకా నడిచాను.

అప్పట్లో బొమ్మ హైదరాబాదు నుంచి రావాలి. దుకాణం మెకానిక్కు కడ్డీ పాతిపోయాడు. తెర మీద చీమలు తప్ప ఏమీ లేవు. నర్సంపేట నుంచి మా బావమరిది ములుగు అడవి వెదురు తెచ్చాడు. ఇనుప పైపుకు ఆ వెదురు కట్టి, దాని కొనకు కడ్డీ బిగించి, మిద్దె మీద నేను తిప్పుతుంటే కింద నా భార్య తెర చూసి చెప్పింది.

"అచ్చిందా?"

"మనిషి కనవడ్తాండు, తలకాయ లేదు!"

"ఇప్పుడు?"

"తలకాయలు రెండైనయి! ఇంక జర తిప్పు... ఆఁ, గట్లనే పట్టుకో, కదలకు!"

"అయితె నన్నీడనే పాతిపెట్టు!"

మంచంలో అమ్మ పడీ పడీ నవ్వడం మిద్దె మీదికి వినబడింది. పడ్డ తర్వాత ఆమె నవ్వగా వినడం అదే మొదలు.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్ద మా ఇంటి ముందు ఆగాడు. ఒకసారి మా కడ్డీని, ఒకసారి చర్చి మీది సిలువను చూశాడు.

"ఏందిరా ఇది? దేవుని సిలువ కంటె నీ కడ్డీ ఎత్తున్నది. దించు."

"దించితె బొమ్మ రాదు పెద్దయ్యా."

"రాకుంటె సస్తవా?"

"గిది తప్పని ఏ అధ్యాయంల ఉన్నదో సూపియ్యి. ఇప్పుడే దించుత."

"నాలుగు అచ్చరాలు నేర్సి నాకే వాక్యం జెప్తానవురా!"

ఆ గురువారం ఎవరూ రాలేదు. ప్రార్థన ఆయన ఇంటికి మారిందట. మాకు చెప్పినవాడు లేడు. తెల్లచీర కట్టుకొని అమ్మ గుమ్మం వైపే చూస్తూ, "తొవ్వల ఉన్నరేమో బిడ్డా" అంది. గుడాలు గిన్నెలోనే చల్లారాయి. ఒక్క బారెడు దించితే గొడవ పోయేది. నేను దించలేదు. నా పంతానికి ఆమె మూడు గురువారాలు గుమ్మం చూసింది. వాళ్ల మీద ఎంత కోపమో, నా మీదా అంతే.

తర్వాతి శనివారం సాయంత్రం తెలుగు సినిమా ఉందని వాడంతా తెలిసింది. సంఘ పెద్ద భార్య మా ఇంటికొచ్చి చాప మీద కూర్చుంది. వెనకాలే గురువారం పాడే మనుషులంతా వచ్చారు. ఆఖరికి భార్యను పిలుచుకుపోయే వంకతో ఆయనా వచ్చాడు. నేను లేచి పెట్టె తలుపులు మూసి తాళం వేశాను.

"తాళంచెయ్యి నాకియ్యి," అంది అమ్మ. ఇచ్చాను. దిండు కింద పెట్టుకుంది. "పెద్దయ్యా, నిలవడ్డవేంది, కూసో. ముందుగాల ప్రార్థన జెయ్యి. అయినంక తలుపులు తీస్తరు."

ఆయన కళ్లు మూసి, రెండు ముక్కల్లో ఆమెన్ అనేశాడు.

"గంతేనా? గురువారం అరగంట జేస్తుంటివి గద! పాటేది?"

పాడారు. సినిమా మొదలైపోతోందని గొంతులు చించుకొని పాడారు. అమ్మ కళ్లు మూసుకొని చేత్తో మంచంపట్టె మీద తాళం వేసింది. పాట అయ్యాకే తాళంచెవి బయటికి తీసింది. అప్పటి నుంచి ప్రతి శనివారం అదే వరస. కడ్డీ ఎత్తు మాట ఎవడూ ఎత్తలేదు. గురువారం మాత్రం మా ఇంటికి తిరిగి రాలేదు.

మరుసటి ఏడు టీవీ ట్యూబు పోయింది. ఆ శనివారం కొందరు గుమ్మంలోంచే తొంగి చూసి, "బాగైతె కబురు జెయ్యిండ్రి" అని వెళ్లారు. పై శనివారం తొంగి చూసినవాడూ లేడు. అమ్మ మళ్లీ తెల్లచీరలో గుమ్మం చూస్తోంది. నాకు రక్తం మరిగింది. ఆ పెట్టెను రోడ్డు మీద పడేస్తానని అరిచాను.

"రిపేరు జేపియ్యి బిడ్డా."

"బొమ్మలు జూడకుంటె పొద్దుపోతలేదా అవ్వా?"

"నాకు బొమ్మ యాడ కనవడ్తది? తెల్లటి మబ్బు లెక్క అగుపిస్తది. పెద్దది తెచ్చినవని నీకు జెప్పలె. పదిమంది పాడుతరని తలుపులు తీపిస్తాన."

మళ్లీ రిక్షా పిలిచి, దారి పొడుగునా అందరినీ తిట్టుకుంటూ చౌరస్తాకు తీసుకుపోయి బాగు చేయించాను.

శనివారం అందరికన్నా ముందు సంఘ పెద్దే వచ్చి, తెరకు ఎదురుగా కూర్చున్నాడు.

"కొత్త ట్యూబా?" అన్నాడు.

నేను తాళంచెవి తీసుకుపోయి అమ్మ చేతిలో పెట్టాను.