ఆ పుస్తకానికి అధికారి

మా ఊరి భజన మందిరం కమిటీకి నేను ఇప్పటికి ఐదు ఉత్తరాలు రాశాను. మొదటిది కార్డు. మిగతా నాలుగూ కవర్లు, లోపల జవాబు కోసం స్టాంపు కూడా పెట్టాను. ఒక్కదానికీ జవాబు లేదు. కమిటీలో ఒకాయన సంతలో ఎదురుపడి, ‘‘నీ జాబు అందిందిలేప్పా’’ అని నవ్వి టెంకాయల బేరంలో పడిపోయాడు. అందిందని ఆయనే అన్నాడు కనుక, అందలేదని ఇక ఎవరూ తప్పించుకోవడానికి లేదు. మందిరంలో బీరువా తెరిచి ఒక్కటంటే ఒక్క సంగతి చూసి చెప్పమన్నాను. చెప్పకపోతే అచ్చులో అడుగుతానని ఐదో ఉత్తరంలో రాశాను. ఇదిగో, అడుగుతున్నాను. ఎవరి పేరూ ఎత్తను. ఎత్తకపోయినా తగలవలసినవారికి తగులుతుంది.

యాభైల మొదట్లో మాకు వరసగా వానలు ఎగ్గొట్టాయి. విత్తిన శెనక్కాయ భూమిలోనే మాడిపోయింది. గోరంట్ల నుంచి చిలమత్తూరు వైపు పోయే దారికి సర్కారు కరువు పని పెడితే, కంకర కొట్టడానికి చేరాను. నా పక్కన కూర్చుని రాళ్ళు కొట్టేవాడు మా ఊరి కిరస్తానీ ఇంటివాడు. నాకంటే రెండేళ్ళు చిన్న, నన్ను అన్నా అనేవాడు. మధ్యాహ్నం సంగటి తిన్నాక జేబులోంచి చిన్న పుస్తకం తీసి చదువుకునేవాడు. నేను ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి, ఒకరోజు అడిగి తీసుకుని చూశాను. ప్రశ్న, దాని కింద జవాబు. దేవుడు ఎవరు, ఎందుకు మొక్కాలి అన్న దగ్గర్నుంచి, ఏమీ తెలియనివాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పినట్టు ఉంది.

‘‘మా ఇండ్లలో పిల్లోళ్ళకు మొదలు ఇదే చదివిస్తారన్నా. మీ దాంట్లో మొదలు ఏది చదవాల?’’ అన్నాడు.

‘‘మా దాంట్లో శానా ఉండాయి లేప్పా.’’

‘‘శానా ఉంటాయిలే. మొదలు ఏదన్నా?’’

గంపతో కంకర మోస్తున్న ఆడమనిషి పక్కున నవ్వింది. ‘‘ఆయప్పకు మొదలూ తెలీదు, కొనా తెలీదు. గుడి ముందర టెంకాయ కొట్టేది ఒగటే తెలుసు.’’

అతను ఎగతాళికి అడగలేదు, ఆ సంగతి నాకు ఇప్పటికీ తెలుసు. కానీ ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. నేను మొక్కేది ఎవరికి, ఎందుకు? మా నాయన పోయినప్పుడు అయ్యవారు గడగడా చదివినదానికి అర్థమేమిటి? చెప్పమంటే నా నోట ఒక్క ముక్క రాదు. ఇరవై ఐదేళ్ళొచ్చి, ఇంత బొట్టు పెట్టుకుని తిరిగేవాణ్ణి.

ఆ ఏడు కదిరి తిరునాళ్ళలో గోనెపట్టా పరిచి పుస్తకాలు అమ్మేవాణ్ణి అడిగాను, ఏమీ తెలియనివాడు మొదట చదవవలసిన దేవుడి పుస్తకం ఇమ్మని. అతను చూడకుండానే ఒకటి చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి చూస్తే, బల్లి ఎక్కడ పడితే ఏ ఫలమో చెప్పే పుస్తకం. మరుసటి ఏడు గట్టిగా అడిగితే వ్రతకథ ఇచ్చాడు. ప్రసాదం తినకుండా పోయినవాళ్ళ గతి ఏమయిందో అందులో వివరంగా ఉంది. నా ప్రశ్న మాత్రం ఉన్నచోటే ఉంది.

అప్పుడే భజన మందిరానికి ఒక శెట్టి అద్దాల బీరువా నిండా పుస్తకాలు ఇచ్చాడు. అద్దంలోంచి కనిపించే వరసలో ఒక పచ్చట్ట పుస్తకం. అట్ట మీద పెద్దక్షరాల కింద, మొదట నేర్చుకొనువారి కొరకు అని సన్నగా అచ్చువేసి ఉంది. నా కోసమే వచ్చినట్టుంది. బీరువా తాళంచెవి, శనివారాలు మందిరంలో పురాణం చెప్పే అయ్యవారి దగ్గర ఉండేది. జంధ్యానికి ముడివేసుకుని తిరిగేవాడు.

‘‘సామీ, ఆ పచ్చట్ట పుస్తకం ఒగసారి ఇస్తారా? ఈడనే కూర్చోని చదివి ఇచ్చేస్తా’’ అన్నాను, మెట్టు కిందనే నిలబడి.

‘‘ఏమప్పా, నీకెందుకది?’’

‘‘తెలుసుకుందామని సామీ.’’

ఆయన తాళంచెవిని వేళ్ళ మధ్య తిప్పాడు. ‘‘దానికి అధికారి కావాలప్పా. ఊరికే ఇచ్చేది లేదు. శాస్త్రమే అట్ల చెప్పినాది.’’

ఇది చదివి నవ్వేవారు నవ్వేముందు ఆ రోజులు గుర్తు చేసుకోవాలి. కరువు పనికి చీటీ, విత్తనాలకు చీటీ, కిరసనాయిలుకు చీటీ. దేనికైనా అధికారి సంతకం లేనిదే మా ముఖం చూసేవాడు లేడు. పుస్తకానికీ అలాగే కాబోలు అనుకున్నాను. దారి చెప్పినందుకు అయ్యవారికి దండం కూడా పెట్టాను. ఆ దండం తలచుకుంటే ఇప్పటికీ చేతులు మండుతాయి.

పొద్దున్నే నడక మొదలుపెట్టి తాలూకా కచేరికి పోయాను. ఫలానా మందిరంలోని పచ్చట్ట పుస్తకం చదువుకోవడానికి అధికారి వారు అనుమతి దయచేయవలెనని నా చేత్తోనే అర్జీ రాసుకున్నాను. గుమాస్తా దాన్ని ఒకసారి చదివి, మళ్ళీ చదివాడు.

‘‘ఏం పుస్తకమప్పా ఇది? సర్కారు నిషేధించిందా?’’

‘‘కాదయ్యా, దేవుడి పుస్తకం. అధికారి కావాలన్నారు మా సామి.’’

అతను లేచి నిలబడి, గదిలో అందరూ వినేటట్టు నా అర్జీ చదివాడు. బంట్రోతు గోడకు ఆనుకుని పొట్ట పట్టుకున్నాడు. ఆ నవ్వు కాస్త సద్దుమణిగాక మూలన కూర్చున్న పెద్ద గుమాస్తా అన్నాడు. ‘‘ఒరే పిచ్చోడా, అధికారి అంటే తాసిల్దారు కాదురా. ఆ పుస్తకం చదివే యోగ్యత ఉండేవాడు అని. నీకు ఆ యోగ్యత లేదని చెప్పినాడు ఆయన. నీకు అర్థంగాక ఇంత దూరం వచ్చినావు.’’

నేను నడిచి ఊరు చేరేసరికి కబురు బస్సెక్కి ముందే చేరింది. రచ్చకట్ట దగ్గర ఒకడు, ‘‘ఏం అధికారీ, సంతకం అయిందా?’’ అన్నాడు. అంతే, ఆ రోజుతో మా నాయన పెట్టిన పేరు పోయింది. అందరికీ అధికారినే. నాకు పిల్లనిచ్చిన మామ, ఆ పిలుపు విని అల్లుడు సర్కారు నౌకరేమోనని నాలుగు రోజులు సంబరపడ్డాడు. తర్వాత సంగతి తెలిసి, ఆయన కూడా అలాగే పిలవడం మొదలుపెట్టాడు.

ఊరివాళ్ళు నవ్వితే నవ్వారు. కానీ ఆ శనివారం నేను పురాణానికి పోతే, అయ్యవారు శ్లోకం మధ్యలో ఆపి, ‘‘అధికారి వచ్చినాడు, చోటియ్యండప్పా’’ అన్నాడు. నన్ను పక్కకు పిలిచి ఆ మాటకు అర్థం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. నేను మళ్ళీ ఆ మెట్టు దగ్గరికి పోలేదు.

అరవైల్లో హిందూపురంలో శెనక్కాయల మిల్లులో గోనెసంచులు కుట్టే పనిలో కుదిరాను. ఆ కిరస్తానీ మిత్రుడు కూడా అదే మిల్లులో కాటా దగ్గర ఉండేవాడు. ఒక మధ్యాహ్నం బొరుగులు కొనడానికి పోయినవాడు చంకలో పుస్తకంతో వచ్చాడు. అంగడివాడు పొట్లాలకని తూకానికి కొన్న పాత కాగితాల్లో దొరికిందట.

‘‘అన్నా, నువ్వు అప్పుడు అడిగినావే, ఆ పచ్చట్ట పుస్తకం ఇదేనా చూడు.’’

అదే. అదే అట్ట, అవే సన్నక్షరాలు. తెరిస్తే పుటల అంచులు విడిపోలేదు. అచ్చాఫీసువాళ్ళు మడిచి కుట్టి, అంచులు కోయకుండా పంపించారు. కొన్నవాడెవరో ఒక్కసారీ చదవకుండానే తూకానికి వేశాడన్నమాట. పురికొస కోసే చాకుతో మొదటి మడత కోశాను. లోపల పీఠిక ఉంది. ఈ పుస్తకానికి అధికారి ఎవరు అన్న ప్రశ్నతోనే అది మొదలయింది. ఏమీ తెలియనివాడై, తెలుసుకోవాలన్న కోరిక గలవాడే దీనికి అధికారి అని దాని కింద ఉంది. అలాంటివాడు వచ్చి అడిగితే కాదనకుండా చెప్పాలనీ ఉంది.

గట్టిగా చదివి వినిపించాను. మిత్రుడు బొరుగులు నములుతూ, ‘‘అంటే అధికారి నువ్వేగదన్నా! ఊరోళ్ళు సరిగ్గానే పిలుస్తాండారు’’ అన్నాడు.

అతనికి నవ్వొచ్చింది. నాకు రాలేదు. పదేళ్ళకు పైగా నన్ను బయట నిలబెట్టిన మాట, లోపల నా పక్షానే ఉంది. పుస్తకం మంచిది. దేవుడు, కర్మ, మొక్కు, చావు, ఒక్కొక్కటీ తేట తెలుగులో, మూలం విప్పి, తాత్పర్యం చెప్పి ఉంది. ఏమీ తెలియనివాడు ఎవరైనా నన్ను అడిగితే నేను అదే ఇస్తాను. ఇద్దరికి ఇచ్చాను కూడా. అయితే నేను ఇరవై ఐదేళ్ళప్పుడు చదవవలసినదాన్ని ముప్పై ఎనిమిదేళ్ళకు చదివాను.

సెలవు పెట్టి ఊరికి పోయాను. అయ్యవారు ముసలివాడై, చూపు మందగించి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పీఠికలో ఆ పుట ఆయనకు చదివి వినిపించాను.

‘‘ఎప్పటి మాటప్పా అది, ఇప్పుడేంటికి?’’ అన్నాడు.

‘‘మీరు ఆ పొద్దు ఇది చదివినారా సామీ, లేదా?’’

ఆయన గోడ పట్టుకుని లోపలికి పోయాడు. ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. తాళంచెవి కమిటీ చేతికి వచ్చింది, బీరువా మాత్రం ఆ తర్వాత ఎవరూ తెరిచినట్టు లేదు. మందిరం పుస్తకం ఇంకా బీరువాలోనే ఉంది, పోయినప్పుడల్లా అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. బయటినుంచి చూస్తే మడతలు కోశారో లేదో తెలియదు.

కమిటీ పెద్దలారా, నేను అడుగుతున్నది ఇదే. ఆ బీరువా తెరవండి, ఆ పుస్తకం మొదటి మడత చూడండి. కోసి ఉంటే, ఆయన చదివి, తెలిసే నన్ను వెళ్ళగొట్టాడు. కోయకుండా ఉంటే, తాను ఒక్కసారీ తెరవని పుస్తకానికి నేను తగనన్నాడు. ఈ రెండింటిలో ఏది జరిగిందో నాకు తెలియాలి. స్టాంపులు మీ దగ్గరే ఉన్నాయి. కోసి ఉందా, లేదా? జవాబు రాయండి.