నొప్పి లేని చిటికెన వేలు

ఒక సాయంత్రం గిటారు తుడుస్తుంటే దాని మెడ మీద, మెట్ల మధ్య, సన్నటి రక్తపు చార కనిపించింది. ఎవరి రక్తమా అని ఆశ్చర్యపోయాను. వెతగ్గా వెతగ్గా నా ఎడమచేతి చిటికెన వేలి కొసే చీలి ఉంది. తీగ కోసింది. నాకు తెలియనే లేదు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన సంతోషం వేసింది.

ఎందుకో చెప్పాలి. నేను యర్రగొండపాలెం మిషన్ బడిలో పంతుల్ని. నాకు వాయించడం నేర్పిన దొరసానమ్మ సొంత దేశానికి వెళ్ళిపోతూ తన గిటారు నాకే ఇచ్చింది. "మొదట వేళ్ళు మండుతాయి. తర్వాత కాయలు కాస్తాయి. ఆపైన నొప్పి ఉండదు" అని చెప్పేదావిడ. మిగతా వేళ్ళు ఎప్పుడో కాయలు కాశాయి. చిటికెన వేలు ఒక్కటే సతాయిస్తూ ఉండేది. చివరికి అదీ దారికొచ్చిందనుకున్నాను.

అప్పట్లో నా ధ్యాసంతా ఈదన్న మామ కిన్నెర మీదే. ఆయనది నల్లమల గూడెం, సంతకు తేనె తెచ్చేవాడు. సొరబుర్రల మీద వెదురు కర్ర, దాని మీద రెండు తీగలు, అంతే కిన్నెర. తేనెపట్టు దించేటప్పటి పాట ఒకటి దాని మీద వాయించేవాడు. దాన్ని గిటారు మీదికి తేవాలని నా పంతం. మార్కాపురం పలక మీద మేకుతో ఆరు గీతలు గీసుకున్నాను. గీతకొక తీగ. ఏ మెట్టు దగ్గర నొక్కాలో ఆ అంకె గీత మీద బలపంతో వేస్తాను. పూర్వం వాళ్ళ దేశాల్లో ల్యూట్ అనే తీగ వాద్యానికి ఇలాగే రాసేవారని దొరసానమ్మ చెప్పింది. అలా రాసి, నాలుగు వేళ్ళూ నిండుగా వేసి, నిండుగా మోగేలా వాయించి వినిపిస్తే ఈదన్న మామ గడ్డం గోక్కున్నాడు.

"బాగుంది అల్లుడా. ఇంతకీ ఎవరి పాట ఇది?" అన్నాడు.

ఉడుక్కుని మళ్ళీ తుడిచి రాయడం మొదలుపెట్టాను. ఆ పనిలో ఉండగానే మా ఆవిడ రూతమ్మ వేడి గంజి గిన్నె అందించింది. అరచేతి అంచు మీద పెట్టుకుని పలక చూస్తూ కూర్చున్నాను.

"ఏందయ్యా, చురుక్కుమన్లేదా? చెయ్యి కాలిపోయింది చూడు!" అని గిన్నె లాక్కుంది.

బొబ్బ లేచింది. నాకేమో మంటకు బదులు అనుమానం పుట్టింది. అరచేతి అంచుకు తీగ తగలదే! తగలని చోట కాయ ఎలా కాస్తుంది? కళ్ళు మూసుకుని, కోడి ఈకతో తాకమని రూతమ్మకు చెప్పాను. తెలియని చోటల్లా బలపంతో గీత గీయించాను. చిటికెన వేలికి స్పర్శ మొత్తం పోయింది. ఉంగరపు వేలు మాత్రం సరిగ్గా సగానికి చీలింది. ఒక పక్క ఈక తెలుస్తోంది, ఇంకో పక్క లేదు. ఒకే వేలు రెండు రకాలుగా ఉండటం నాకు ఎంత వింతగా తోచిందంటే, భయపడాలని కాసేపు గుర్తే రాలేదు.

భయం రైల్లో పట్టుకుంది. మార్కాపురం నుంచి పెద్దాసుపత్రికి పోయేంతసేపూ ఆ చెయ్యి తువ్వాలులోనే దాచుకున్నాను.

డాక్టరుగారు మోచేయి వెనక నొక్కి చూశారు. "ఇక్కణ్ణుంచి చిటికెన వేలికి పోయే నరం, అల్నార్ నర్వ్, థిక్ అయింది, మాస్టారూ. మీ సగం వేలి రహస్యం ఇదే. ఆ సగానికి ఈ నర్వ్, ఈ సగానికి వేరే నర్వ్." జబ్బు క్రిములున్నాయేమో చూడటానికి చెవి తమ్మె గీరి స్మియర్ తీశారు. "స్మియర్ నెగటివ్. ఇది లెప్రసీయే, కుష్ఠు, కానీ నరాలను మాత్రమే పట్టే నర్వ్ టైప్. మీ వల్ల ఇంకొకరికి అంటుకునే భయం చాలా తక్కువ."

రూతమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. నేను ఒక్కటే అడిగాను. "గిటారు వాయించగలనా అండీ?"

"జబ్బును ఆపడానికి చూస్తాం. పోయిన స్పర్శ తిరిగొస్తుందని మాత్రం మాటివ్వలేను. వేళ్ళు వంగిపోకుండా కాపాడుకోవడం మీ చేతుల్లో ఉంది."

ఆ జబ్బుకు అప్పట్లో ఇచ్చే హిడ్నోకార్పస్ గింజల నూనె ఇంజెక్షన్లు మొదలయ్యాయి. చిక్కటి నూనె. సూది దిగిన చోట గడ్డలా ఉబ్బి రోజుల తరబడి సలిపేది. నొప్పి తెలియని జబ్బుకు ఇంత నొప్పి మందా అనిపించేది. కొన్నాళ్ళు బాగానే సాగింది. ఉన్నట్టుండి జ్వరం, మోచేయి దగ్గర ప్రాణం పోయేంత పోటు. "రియాక్షన్. నరం వాచింది. ఇంజెక్షన్లు ఆపేద్దాం" అన్నారు డాక్టరుగారు. జ్వరం తగ్గేసరికి రెండు వేళ్ళూ కొక్కేల్లా ముడుచుకుపోయి ఉన్నాయి. ఆ రోజు గోడవైపు తిరిగి ఏడ్చాను.

వేళ్ళను చాపి చదునైన చెక్కకు కట్టుకుని పడుకోమన్నారు. ఇంటికి వచ్చాక మా బడి పలకే వాడాను. రోజూ రూతమ్మ నువ్వులనూనె రాసి ఒక్కో కణుపూ మెల్లగా సాగదీసేది. ఉంగరపు వేలు చాలావరకు తిన్నగా అయింది. చిటికెన వేలు మొండికేసింది. తర్వాత ఇంజెక్షన్లు తక్కువ మోతాదులో మళ్ళీ ఇచ్చారు.

పాట రాసిన పలక చూరులో అలాగే ఉంది. ఒక ఆదివారం దించి, చిటికెన వేలు నొక్కాల్సిన అంకెలన్నీ తడిగుడ్డతో తుడిచేశాను. ఇంకేం మిగులుతుందో చూద్దామని కుతూహలం. మిగిలింది బక్కగా ఉంది. ఒక తీగ శ్రుతి మార్చి, నొక్కకుండానే మోగేలా పెట్టాను. పైస్థాయిలో ఒక్క స్వరం ఎంత చేసినా అందలేదు. అక్కడ ఖాళీ వదిలేశాను.

ఊళ్ళో చాలామంది ఇంటికి రావడం మానేసిన రోజులవి. ఈదన్న మామ మాత్రం తేనె కుండతో వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చెయ్యి వెనక్కి దాచుకున్నాను.

"ఎందుకు దాస్తావు? సంతలో అందరూ చెప్పినారులే. వాయించు."

వాయించాను. ఖాళీ దగ్గరికి వచ్చేసరికి నేను ఆగితే, ఆ స్వరం ఆయన గొంతుతో అందించాడు. అయిపోయాక నవ్వాడు. "ఇప్పుడు మా పాటే అల్లుడా. అప్పుడు కూర ఎక్కువ, కూడు తక్కువ వడ్డించినావు."

ఇది విన్నాక నాకు కలిగిన ఆనందం దాచుకోను. పోయిన వేలు తిరిగొస్తే వద్దంటానా? అనను. కానీ ఆ పాట ఇక అలాగే ఉంటుంది.

నాలాగే చేత్తో బతికేవాళ్ళకు ఒక్క మాట. కొడవలి పట్టినా, పలకలు చెక్కినా, తీగ మీటినా చేతులు కాయలు కాస్తాయి. నొప్పి లేదని మురిసిపోకండి. మీ పనిముట్టు ఎన్నడూ తగలని చోట ఈకతోనో దూదితోనో తాకించుకుని చూడండి. అక్కడా తెలియకపోతే అది కాయ కాదు. సిగ్గుపడకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

ఇప్పటికీ ప్రతి ఆదివారం గుడి నుంచి వచ్చాక రూతమ్మ నన్ను కళ్ళు మూసుకోమంటుంది. దూదితో తాకుతూ, తెలియని చోట బలపంతో గీత గీస్తుంది. కళ్ళు తెరిచే ముందు నేను అడుగుతాను, "గీత ముందుకు జరిగిందా?"

"లేదయ్యా, ఆడనే ఉంది" అంటుంది. అప్పుడు గిటారు తీస్తాను.