నైరుతి గదిలో మరమనిషి

నిన్న మా అపార్ట్‌మెంట్ గేటు బాగుచేయడానికి వచ్చిన వెల్డరు, తుప్పు గీకిన చోటల్లా రెడ్ ఆక్సైడ్ పూస్తుంటే ఆ వాసన రెండో అంతస్తు దాకా ఎక్కి వచ్చింది. కాఫీ గ్లాసు చేత్తో పట్టుకునే కిందికి దిగాను. పదమూడేళ్లప్పుడు శ్రావణం నుంచి కార్తీకం దాకా నా జడకీ, పావడాకీ, లెక్కల నోటుపుస్తకానికీ అదే వాసన; అమ్మ నన్ను దగ్గరికి తీసుకున్నప్పుడల్లా ముక్కు పక్కకి తిప్పుకునేది.

అప్పట్లో బెజవాడ పటమటలో మా సొంత ఇంట్లో ఉండేవాళ్లం. నాన్న కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. నానమ్మ పోయాక తాతయ్యను ఉయ్యూరు నుంచి మా దగ్గరికి తీసుకొచ్చేశాడు. తాతయ్య పంచదార ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా పనిచేసిన మనిషి. బెజవాడ వచ్చినా ఆయన ఒంట్లో ఫ్యాక్టరీ సైరను మోగుతూనే ఉండేది; షిఫ్టు మారే వేళకు తల ఎత్తి గోడ గడియారం చూసేవాడు, ఆ వేళకే టీ అడిగేవాడు, ఆ వేళకే చుట్ట ముట్టించేవాడు, ఆ తర్వాత చెయ్యడానికేమీ లేక వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి పచార్లు చేసేవాడు. చెరుకు ఆడించే రోజులు దగ్గరపడే కొద్దీ మరీ చిరాకు. "ఈపాటికి మిల్లు రోలర్లు మరమ్మతుకి దించుంటారు" అని ఎవరూ అడక్కుండానే చెప్పేవాడు.

ఆదివారం పొద్దున టీవీలో ఒక సీరియల్ వచ్చేది, అందులో ఇనప మనిషి ఒకడు గ్రహాలన్నీ తిరిగేవాడు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే తాతయ్య పక్కన కూర్చుని తప్పులు పట్టేవాడు: ఆ మోకాలు అలా వంగదు, ఆ భుజం అంత బరువు మొయ్యదు, ఆ మెడకి బేరింగు ఏదీ. వినీ వినీ విసుగొచ్చి ఒక రోజు, "అయితే నువ్వే చెయ్యొచ్చుగా" అన్నాను. ఆయన లేచి వెళ్లి మంచం కిందినుంచి పనిముట్ల పెట్టె లాగాడు.

మా ఇంటి నైరుతి మూల ఖాళీ గది ఒకటి ఉండేది, ఎప్పుడో కారు కొంటే పెట్టుకుందామని నాన్న కట్టించింది. దానికి దక్షిణం వైపు సందులోకి నాలుగడుగుల జంట తలుపులు, లోపల హాల్లోకి రెండున్నర అడుగుల చిన్న తలుపు. ఆ గదిలో మొదలైంది మా పని. పాడైపోయిన కూలరు రేకు ఛాతీ అయింది, పాత బీరువా తలుపు వీపు అయింది, ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్టు నుంచి తెచ్చిన జీపు లైట్లు కళ్లయ్యాయి, నా సైకిలు చైను మోచేతుల్లోకి పోయింది. వానకు సందంతా మోకాలి లోతు నీళ్లు నిలిచి స్కూలుకు సెలవిచ్చిన రోజుల్లో, వీధిలో పిల్లలంతా కాగితం పడవలు వదులుతుంటే, నేను లోపల కూర్చుని ఆకురాయితో అంచులు అరగదీసేదాన్ని. దసరాకు పులిహోర, దీపావళికి అరిసెలు, నాగుల చవితికి చిమ్మిలి, అన్నీ ఆ ఏడు నేను గ్రీజు చేతుల్తోనే తిన్నాను.

అతుకులన్నీ సుత్తితో తల సాగగొట్టి బిగించే రివిట్లే. బోల్టులు పెడితే తేలిక కదా అంటే తాతయ్య ఒప్పుకునేవాడు కాదు. "బోల్టు వదులైపోద్దమ్మా. రివిట్ కొడితే కొట్టినట్టే." ఒక్కో దెబ్బకీ గది గోడలు అదిరేవి, నా పని అటువైపు ఇనప దిమ్మ ఆన్చి పట్టుకోవడం, సాయంత్రానికి మణికట్లు తిమ్మిరెక్కేవి.

తయారయ్యేసరికి ఆరున్నర అడుగుల ఎత్తు, భుజాల దగ్గర మూడుంపావు వెడల్పు, ముందుకీ వెనక్కీ దాదాపు అంతే మందం. లోపల నేను నిలబడి చేతులు కదపొచ్చు, తల తిప్పొచ్చు, నోటి దగ్గర బిగించిన గరాటులోంచి మాట్లాడొచ్చు. వీపు తలుపుకు గడియ మాత్రం బయటే. ఒకసారి ఎక్కానంటే తాతయ్య తీసేదాకా బయటికి రాలేను. చెమటా, రేకు వేడీ, నా ఊపిరి చప్పుడు నాకే గట్టిగా వినపడేది. కళ్ల దగ్గర రెండు చిన్న కంతల్లోంచి కనపడిందే లోకం.

స్కూల్లో సైన్స్ ఫేరు సోమవారం. ముందు వారం మా సైన్సు టీచరు ఇంటికొచ్చి చూసి, చుట్టూ తిరిగి, "ఫేరయ్యాక దీన్ని స్కూలు హాల్లోనే శాశ్వతంగా పెట్టేసుకుంటామండీ" అన్నారు. నేను గంతులేశాను. తాతయ్య, "శాశ్వతంగానా అండీ" అని మాత్రం అడిగి, ఆరిపోయిన చుట్టను మళ్లీ ముట్టించుకున్నాడు.

ఆ రోజుల్లోనే అమ్మకు టైఫాయిడ్ తిరగబెట్టింది. మొదటిసారి తగ్గినట్టే తగ్గి రెండోసారి పట్టుకుంటే వదల్లేదు. డాక్టరు మందులు మార్చాడు. నాన్న మాత్రం నిద్రమాని వాస్తు చూసే ఒక సిద్ధాంతిని పిలుచుకొచ్చాడు. బోర్డు మీద సిద్ధాంతాలు నిరూపించే మనిషి, ఆయన చెప్పిందానికి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. దక్షిణ నైరుతిలో ద్వారం ఇల్లాలికి అచ్చిరాదన్నాడాయన. మూయించడానికి గురువారం మంచిదన్నాడు. ఆ గురువారం నేను స్కూల్లో ఉన్నాను, తాతయ్య మెడకు బేరింగు కోసం ఉయ్యూరు వెళ్లాడు. మేమిద్దరం వచ్చేసరికి జంట తలుపులు ఊడదీసి సందులో ఆనించి ఉన్నాయి, వాటి చోట పచ్చి సిమెంటు గోడ. మరమనిషి లోపల ఉండిపోయాడు.

నేను టేపు తెచ్చి హాలు వైపు తలుపు కొలిచాను. నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా ఎలా తిప్పినా భుజాలు పట్టవు. "రివిట్లు ఊడదీద్దాం తాతయ్యా, అక్కడ మళ్లీ కొడదాం" అన్నాను. ఆయన రేకు మీద చెయ్యి వేసి, నావంక చూడకుండా, "ఊడవమ్మా. రేకు చిరిగిపోద్ది" అన్నాడు. ముప్పై ఏళ్ల ఫిట్టరు చెప్పిన మాట. నమ్మాను.

శనివారానికి అమ్మ జ్వరం దిగింది. సాయంత్రం నేను మరమనిషిలోకి ఎక్కి గడియ వేయమని తాతయ్యను అడిగాను, లోపలైతే ఏడ్చినా ఎవరికీ కనపడదని. కాసేపటికి నాన్న వచ్చాడు. కంతల్లోంచి ఆయన చొక్కా జేబూ, గడ్డమూ మాత్రమే కనిపించాయి. గడ్డం వారం రోజుల నుంచి గీసుకోలేదు.

"గోడ పగలగొట్టించమంటావా తల్లీ? నువ్వు చెప్పు" అన్నాడు.

పక్క గదిలో అమ్మ చాలా రోజుల తర్వాత చారన్నం తింటోంది, గిన్నెలో చెంచా చప్పుడు వినపడుతోంది. పగలగొట్టమని నేనెలా చెప్పగలను? వద్దని మాత్రం ఎలా చెప్పను? నాన్న మీద అంత కోపం నాకు మళ్లీ ఎప్పుడూ రాలేదు. గరాటులోంచి "వద్దు నాన్నా" అన్నాను. ఆ గొంతు రేకులో తిరిగి ఎవరిదోలా వచ్చింది. తాతయ్య అక్కడే నిలబడి ఉన్నాడు, గడియ తీయడానికి చాలాసేపు పట్టింది.

ఫేరుకు నిమ్మకాయలతో బల్బు వెలిగించి చూపించాను. ఆ తర్వాత నేను ఆ గదిలోకి వెళ్లడం మానేశాను. తాతయ్య మాత్రం మంచం అక్కడికే మార్చుకున్నాడు. పదకొండేళ్లు, పోయేదాకా, చెరుకు ఆడించే రోజులు వచ్చాయంటే మరమనిషికి ఏదో ఒకటి విప్పి బిగించేవాడు: ఒక ఏడు కొత్త మోకాలు, ఒక ఏడు వేళ్లు. వరండాలో పచార్లు ఆగిపోయాయి. ఆయన పోయాక ఇల్లు అమ్మేశాం. కొన్నవాళ్లు పడగొట్టేటప్పుడు మొదట ఆ గోడే పగలగొట్టారట, అందులోంచే మరమనిషిని బయటికి లాగి పాత ఇనుము వాడికి వేసేశారట. ఇప్పుడక్కడ ఆ గదీ లేదు, సందూ లేదు, కాగితం పడవలు వదిలే నీళ్లూ లేవు. ఒక అపార్ట్‌మెంట్ కార్లు ఆపుకునే చోటు.

నిన్న గేటు దగ్గర నిలబడి చూస్తుండగా వెల్డరు పాత రేకు మార్చాలని ఉలి తీసి రివిట్ తల మీద రెండు దెబ్బలు కొట్టాడు. తల ఎగిరిపోయింది. వెనక నుంచి పొడిస్తే రివిట్ జారి కింద పడింది. రేకుకు గీత కూడా పడలేదు.

"అంతేనా బాబూ?" అన్నాను.

"అంతేనండి. గంటలో గేటంతా ఊడదీసేస్తాను."

పైకి వచ్చాను. అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. చెప్పాను. అమ్మ తల ఎత్తకుండానే అంది:

"నాకు తెలుసులే. ఏటా మోకాళ్లు మార్చినాయన అవి ఊడదీయకుండానే మార్చారా?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే అది స్కూలుకి పోయేది. మామయ్యగారు ఉయ్యూరు పోయేవారు. అక్కడ ఆయనకెవరున్నారే?"

చాలాసేపు కోపంగానే కూర్చున్నాను. ఇన్నేళ్లూ అమ్మ కోసం మరమనిషిని వదులుకున్నానని లోలోపల గొప్పపడ్డాను, నాన్నను క్షమించాననీ అనుకున్నాను. తాతయ్య ఒక్కమాట అడిగి ఉంటే నేనే ఆయనకు ఇచ్చేసేదాన్ని కదా అనిపించింది. కానీ అది నిజం కాదు. రివిట్లు ఊడతాయని తెలిస్తే పదమూడేళ్ల నేను ఆ రాత్రే ఉలి పట్టుకునేదాన్ని, సోమవారం పొద్దున స్కూలు హాల్లో ఉండేదాన్ని, వరండాలో పచార్లు చేసే మనిషి గుర్తుకు కూడా వచ్చేవాడు కాదు. ఆ సంగతి ఆయనకు తెలుసు.