పైన మచ్చకాయలు

మా తోడికోడలు నిమ్మకాయల గంప సర్దితే మచ్చకాయలే పైన పెట్టేది. "కొనేవాడు మచ్చ ముందే చూడనీ అక్కా, అడుగున కనపడితే మనల్నే తిడతాడు" అనేది. చిట్టమూరులో మిగతా ఆడవాళ్లమంతా నిగనిగలాడే పెద్దకాయలు పైన పేర్చేవాళ్లం. మా అత్త మాత్రం ఆమె గంపనే మెచ్చుకునేది. నాకు ఒళ్లు మండేది.

అంతలో కొత్త రూలొచ్చింది. మార్కెట్టు ఆఫీసరు వచ్చి మా ఇద్దరి గంపలూ బోర్లించాడు.

"గంపకు కట్టిన చీటీలో మీ పేరు పక్కన ఏ రకం రాసుంటే, పైనా కిందా అదే ఉండాల. ఇద్దరిదీ తప్పే" అన్నాడు.

నా ప్రాణానికి ఎంత హాయి అనిపించిందో!

ఆమె పకపకా నవ్వింది. "పోనీలే అక్కా, ఇన్నాళ్లకు ఇద్దరం ఒకటైనాం" అంది. తన గంప గబగబా సర్దేసి, "జరుగు, నీకెప్పటికి తెములుతుంది" అంటూ నాదీ తనే సర్దింది. మచ్చకాయలు ఏరేసి, అడుగునుంచి ఒకే సైజువి నింపింది. చీటీమీద పేరు మాత్రం నాదే.

మద్రాసు షావుకారు ఆ గంపనే మెచ్చుకున్నాడట. "నా పెద్దకోడలి చెయ్యే చెయ్యి" అని మా అత్త వీధంతా వినేట్టు చెప్పింది. ఎన్నేళ్లుగానో నేను కాచుకున్న మాట అది. తోడికోడలు పక్కనే నిలబడి నవ్వింది గాని, సర్దింది తనేనని చెప్పలేదు.

ఆ మంచితనం కూడా ఆమెకే దక్కాలా?