రూతమ్మ గారి గ్లాసులు

చర్మం మీంచి కప్పు ఊడేటప్పుడు 'టప్'మని చిన్న శబ్దం వస్తుంది. తాడేపల్లిలో నేను పనిచేసే ఫిజియోథెరపీ గదిలో రోజంతా అదే శబ్దం. ఇప్పుడివన్నీ ప్లాస్టిక్ కప్పులు. చిన్న పంపుతో లోపలి గాలి లాగేస్తే వీపుకి అతుక్కుంటాయి. మంట లేదు, పొగ లేదు. అయినా ఆ చప్పుడు విన్నప్పుడల్లా చిలకలూరిపేటలో రూతమ్మ గారి ముందుగది గుర్తొస్తుంది. నాకీ పని నేర్పింది ఆవిడే.

తొంభైల చివర్లో నూలు మిల్లు దుమ్ము నా ఊపిరికి పడక, పని మానేసి ఆవిడ దగ్గర చేరాను. ఆవిడ ఒకప్పుడు ఆసుపత్రిలో ఆయాగా చేశారు. తర్వాత ఇంట్లోనే ఆడవాళ్ళకు మర్దన చేసి, వీపు మీద గ్లాసులు పెట్టేవారు. స్పిరిట్‌లో ముంచిన దూదిని వెలిగించి, గ్లాసులో ఒకసారి తిప్పి తీసేసి, ఆ గ్లాసును చటుక్కున వీపు మీద బోర్లించేవారు. లోపల చర్మం బూరెలా పొంగేది. మిరపకోతల్లో వంగి వంగి నడుములు పట్టేసిన ఆడవాళ్ళు గుమ్మం దాకా కూర్చునేవారు. రూతమ్మ గారు ప్రార్థన ఎంత మెత్తగా చేసేవారో, తిట్లు అంత గట్టిగా తిట్టేవారు. నేను రెండూ విన్నాను.

మొదటిరోజు పొద్దున ఇంటి దగ్గర ఎండుమిరపకాయల తొడాలు తీసి, చేతులు కడుక్కుని వెళ్ళాను. నూనె సీసా అందుకోబోతుంటే నా మణికట్టు పట్టుకున్నారు.

"ముందు ఆ వేలు నీ కనురెప్పకి రాసుకో."

"మండుద్దేమోనండీ."

"మండితే నీకే మండాలి. వాళ్ళ వీపు మీద ప్రయోగాలేంటి?"

రాసుకున్నాను. సాయంత్రందాకా కన్ను నీరు కారుతూనే ఉంది. ఆ రోజు నన్ను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

మా వైపు ఒక నమ్మకం ఉండేది. గ్లాసు మచ్చ ఎంత నల్లగా వస్తే అంత చెడురక్తం పైకి వచ్చినట్టు. నొప్పి తగ్గిందా లేదా అన్నది తర్వాతి సంగతి, ముందు రంగు చూడాలి. రవికెలు పక్కకు జరుపుకుని ఒకరికొకరు చూపించుకునేవారు. "అది తోలు కింద చేరిన రక్తమే, రోగం కాదు. పట్టు కాస్త వదులవుద్ది, అంతే" అని రూతమ్మ గారు చెప్పి చెప్పి విసిగిపోయారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయ్యేది.

అద్దంకి దగ్గరి పల్లెటూరి నుంచి కోటమ్మ గారనే పెద్ద రైతు ఇంటావిడ వచ్చేవారు. ఆమెకు షుగర్. అది తెలుసు కాబట్టే రూతమ్మ గారు ఆమెకు గ్లాసు పెట్టకుండా నూనె రాసి పంపేవారు. ఒకరోజు కోటమ్మ గారు గది నిండా జనం ఉండగా అందుకున్నారు.

"ఏందమ్మా రూతమ్మా, మా వియ్యపురాలికి ఎక్కడో నేరేడుపండు రంగు వచ్చిందంట. నీ గ్లాసులకి దమ్ము లేదా ఏంది?"

రూతమ్మ గారికి పౌరుషం పొడుచుకొచ్చింది. "అట్టాగా? కూర్చో, చూపిస్తా" అన్నారు. ఆ రోజు దూది పెద్దది తీసుకున్నారు, గ్లాసు చాలాసేపు ఉంచారు. మచ్చ నల్లగానే వచ్చింది. కోటమ్మ గారు చేతి అద్దంలో చూసుకుని, మురిసిపోతూ బస్సెక్కారు.

రెండ్రోజుల్లో అది పొక్కి, పగిలి, చీము పట్టింది. పుండు లోపలికి దిగితే ప్రాణానికే ముప్పని డాక్టరు అన్నాడట. ఆమె కొడుకు వచ్చి వీధిలో నిలబడి అరుస్తుంటే, రూతమ్మ గారి భర్త లోపల గొంతు తగ్గించి, "షుగరున్నట్టు నాకు చెప్పలేదని అనెయ్" అన్నారు. ఆవిడ గుమ్మంలోకి వెళ్ళి, "నాకు తెలుసు నాయనా. తెలిసే పెట్టా. గొప్పకి పోయి పెట్టా" అన్నారు. నిజం చెప్పినందుకు ఎవరూ మెచ్చుకోలేదు. కొడుకు ఇంకా గట్టిగా అరిచాడు.

పుండు మానేదాకా ఆవిడ రోజూ బస్సులో ఆ ఊరు వెళ్ళి, డాక్టరు చెప్పినట్టు కట్టు మార్చి వచ్చేవారు. కోటమ్మ గారు మొహం గోడవైపు తిప్పుకునే ఉండేవారట. ఇక్కడ, కొత్తగా ఎవరొచ్చినా గ్లాసు పెట్టే ముందు ఈ సంగతంతా రూతమ్మ గారు తనే చెప్పేవారు. సగంమంది లేచి వెళ్ళిపోయేవారు. నాకు భయం వేసింది. నా కూడు కూడా ఆ గదిలోనే ఉంది.

"మీ నోరే మన పొట్ట కొడుతుందండీ" అన్నాను.

"చెప్పకుండా పెడితే నాకు చెయ్యాడదు అమ్మాయ్" అన్నారు.

మరుసటి ఏడాది కోతల రోజుల్లో కోటమ్మ గారు మళ్ళీ వచ్చారు. పలకరింపు లేదు. పీట మీద అటు తిరిగి కూర్చుని, కొంగు జరిపారు. పుండు మానిన చోట చర్మం తెల్లగా ముడతపడి ఉంది.

"నీకు గ్లాసు పెట్టను కోటమ్మా" అన్నారు రూతమ్మ గారు.

"పెట్టమన్నానా? నూనె రాయి. వీపు మీద ఏం చేసేదీ నాకు కనపడదు గదా. ఉన్నది ఉన్నట్టు చెప్పేదానివి నువ్వొక్కదానివే దొరికావు."

రూతమ్మ గారు పోయి చాలాకాలమైంది. మచ్చ నల్లగా రావాలని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకి నేను కోటమ్మ గారి సంగతి చెబుతాను. ఆ గ్లాసు పెట్టింది రూతమ్మ గారు, నేను పక్కన నూనె వెచ్చబెడుతూ ఉన్నానంతే. అయినా "మా చేతిలో ఒకామెకి పుండు పడింది" అనే అంటాను. విని కొందరు వెళ్ళిపోతారు. ఉండిపోయినవాళ్ళలో కొందరు అప్పుడు చెబుతారు, తమకీ షుగర్ ఉందని.