శుక్రవారం రేకు

ఆ రోజుల్లో నాకు రెండే నమ్మకాలు. ఒకటి, మిషను అబద్ధం చెప్పదని. రెండోది, మా అమ్మ మా ఊరు కోడేరు నుంచి కట్టి పంపే పసుపు కుంకుమ పొట్లం దగ్గరుంటే ఏ కీడూ తగలదని. ఈ రెండింటినీ దూరదూరంగా ఉంచితే ఎవరికీ నష్టం ఉండేది కాదు. నేను తీసుకెళ్లి ఒకే చోట కలిపాను.

డిప్లొమా చేతికొచ్చిన కొత్త, రెండు వేల నాలుగో ఐదో. వనపర్తిలో ఒక చిన్న రేకుల కార్ఖానాలో చేరాను. బోరు మోటర్లకు స్టార్టర్ డబ్బాలు చేసేవాళ్లు. (కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని కాలం, డబ్బాలకు మాత్రం గిరాకీ తగ్గేది కాదు.) నా పని రేకు గట్టిదా మెత్తదా చూడటం. రేకు ముక్కను గుండ్రటి ఉక్కు దిమ్మె మీద పెడితే పైనుంచి చిన్న ఉక్కు గుండు నొక్కుతుంది. అది ఎంత లోతుకు దిగితే ముల్లు అంత తక్కువ అంకె చూపిస్తుంది. అరవై దాటితే రేకు గట్టిది, వంచితే పగులుతుంది. అలాంటిది వస్తే లారీని వెనక్కి పంపేవాళ్లం. ఆ దసరాకు అందరూ తమ మిషన్లకు పక్కన బొట్టు పెట్టారు. నేను భక్తి ఎక్కువై దిమ్మె నడిమధ్యన మందంగా పసుపు పూసి, దాని మీద ఇంత కుంకుమ అద్దాను. తుడిస్తే అరిష్టమని తుడవలేదు. పైగా ప్రతి శుక్రవారం పొద్దున కొత్తగా పెట్టేవాణ్ణి.

రేకు వంచే మిషను దగ్గర, అందరం చాచా అని పిలిచే పెద్దాయన ఉండేవాడు. ముప్పై ఏళ్ల అనుభవం. రేకు అంచును బొటనవేలితో కాస్త వంచి వదిలి, అది చేసే చప్పుడు విని గట్టిదో మెత్తదో చెప్పేవాడు. దసరా అయిన నెలకు ఆయన వంచిన డబ్బాల మూలలు పగలడం మొదలైంది. "ఈ రేకు గట్టిగున్నది బేటా" అన్నాడు. నేను ముల్లు చూపించాను. యాభై రెండు. "మెత్తగనే ఉన్నది చాచా. మిషన్ అబద్ధం చెప్తదా?" ఆయన ముల్లు వైపు చాలాసేపు చూసి, తర్వాత తన చెయ్యి వైపు చూసుకున్నాడు. ఆ చూపు నాకు అర్థం కాలేదు. (అప్పుడు నాకు అర్థమయ్యేవి అంకెలే.)

ఈలోగా నేనొక గొప్ప సంగతి కనిపెట్టాను. శుక్రవారం చూసిన రేకు అన్నిటికన్నా మెత్తగా ఉంటోంది, గురువారానికి కొంచెం గట్టిపడుతోంది! గళ్ల కాగితం మీద గీత గీసి చూపిస్తే ఓనరు మురిసిపోయాడు. "చదువుకున్నోడంటే గిట్ల ఉండాలె. ఇగ లారీని శుక్రవారమే రమ్మంట." అదే కాగితం చేతిలో పట్టుకుని చాచా దగ్గరికి వెళ్లాడు. "రేకు మంచిగనే ఉన్నది. నీ చెయ్యే పాతదైంది. ఇంటికాడ జర ఆరాం తీస్కో" అన్నాడు. చాచా భుజం మీది తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

ఆయన చోట వచ్చిన కొత్తాయన చేతిలోనూ మూలలు పగిలాయి. ఒక శుక్రవారం నా పొట్లం ఖాళీ అయింది. దిమ్మె మీద ఎండిన పసుపు పెచ్చులు చూడలేక ఆ ఒక్కసారికి తుడిచేసి, ముందురోజు చూసిన రేకునే మళ్లీ పెట్టాను. డెబ్బై నాలుగు. దేవుడికి కోపమొచ్చిందనుకుని లెంపలేసుకున్నాను. ఎన్నిసార్లు నొక్కినా డెబ్బైకి తగ్గలేదు. పాత ముక్కలు తిరగేసి చూస్తే ఒక్కోదాని వెనక ఎర్రటి బొట్టు. గుండు నొక్కినప్పుడల్లా కింద పసుపు కుంకుమ నలిగి, రేకు ఇంకాస్త కిందికి దిగేది. ముల్లు దాన్ని కూడా రేకు ఖాతాలోనే వేసేది. వారమంతా నలిగి నలిగి గురువారానికి పల్చబడేది కాబట్టి అంకె పెరిగేది. పాపం, మిషను నిజమే చెప్పింది. మా అమ్మ పసుపు ఎంత మెత్తగా ఉందో నెలల తరబడి చెబుతూ వచ్చింది.

అంతా విని ఓనరు నా మొహం చూశాడు. "నువ్వే పో. నువ్వే తోల్కరా."

చాచా ఇంటి ముందు కూర్చుని కుడిచేతికి నూనె రుద్దుకుంటున్నాడు. పక్కన దవాఖాన చీటీ ఉంది. ఏడుస్తూనే అంతా చెప్పాను. తిడతాడేమోనని చూశాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను.

"అంటే నా చెయ్యి మంచిగనే ఉన్నదా?"

"మంచిగనే ఉన్నది చాచా."

"నేను గూడ నమ్మిన బేటా. మిషన్ చెప్పినంక నా చెయ్యిని నేనే నమ్మలె." చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "ఇగ రేకు పట్టుకుంటే భయమైతది. నేను రాను." లోపలికి కేకేసి నాకు చాయ్ తెప్పించాడు. నేను తాగాను కూడా. దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఇప్పుడు నాగర్‌కర్నూలు ఐటీఐలో పిల్లలకు అలాంటి మిషనే నేర్పిస్తున్నాను. దిమ్మెను మూడుసార్లు తుడవనిదే రేకు పెట్టనివ్వను. "సారుకు తుడుసుడు పిచ్చి" అని వెనక నవ్వుకుంటారు. గళ్ల కాగితం పట్టుకుని మురిసిపోయిన ఆ కుర్రాడు గుర్తొస్తే నాకూ నవ్వొస్తుంది, చాచా చెయ్యి గుర్తొచ్చేదాకా. దసరాకు బొట్టు మానలేదు, మిషను కాళ్లకు పెడతాను. ఆ తర్వాత ఎవరూ చూడకుండా ఒక రేకు తీసుకుని, అంచును బొటనవేలితో వంచి వదిలి, చెవి దగ్గర పెట్టుకుని వింటాను. ఇన్నేళ్లయినా నాకేమీ తెలియదు.